మూడో వద్దు

"ఓ ట్రే క్యారమెల్ రోల్స్ కూడా చెయ్యి ఆర్డీ, దారిలో తినొచ్చు," అన్నాడు వెర్లిన్ శుక్రవారం సాయంత్రం, చేతిలోని పేపరు దించకుండానే.

ట్రే అంటే పన్నెండు రోల్స్, ఒక్కొక్కటీ నా పిడికిలంత. దారి గంటన్నర. వెళ్లేది మేమిద్దరం. షుగర్ వచ్చిందని డాక్టరు చెప్పినప్పటి నుంచీ నేను వాటి జోలికే పోవడం లేదు. వెర్లిన్ ఎంత తిన్నా రెండు తింటాడు. మరి మిగతావి ఎవరికి? నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగేశాను. అడిగితే "ప్రతిదానికీ కూపీ లాగుతావేంటి" అంటాడు. ఆ మాట పడటం కన్నా పిండి కలపడం తేలిక.

శనివారం చీకటితోనే లేచాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న పిండిని బల్ల మీద పరిచి, వెన్న రాసి, పంచదారా దాల్చినచెక్క పొడీ చల్లి, చాపలా చుట్టి, దారంతో కోస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఈ చీకటి లేవడాలు ఇక అయిపోయాయనుకున్నాను. మా ఊరి బడి వంటగదిలో ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేశాను. మిన్నెసోటా చలికాలంలో కారు మీద మంచు గీకుకుని, ఊరంతా నిద్రపోతుంటే వెళ్లి, పొయ్యిలు వెలిగించి, ఊళ్లో పిల్లలందరికీ వండి పెట్టాను. మొన్న జూన్‌లో రిటైరయ్యాను. కేకు కోసి, చప్పట్లు కొట్టి పంపించారు. ఆ కేకు కూడా నేనే చేశాను.

అప్పట్నుంచీ నాకంటూ దొరికిన ఆస్తి ఒక్కటే, పొద్దుటి పూట. తెల్లగా తెల్లారాక లేస్తాను. నైట్‌గౌను మీదే పెరటి మెట్ల మీద కూర్చుని, పిచ్చుకలకి గింజలు వేసి, కాఫీ చల్లారిపోయేదాకా ఊరికే చూస్తూ ఉంటాను. ఏమీ ఆలోచించను కూడా. ఎవరికీ ఏమీ వడ్డించని పొద్దు ఎలా ఉంటుందో అరవై దాటాక తెలిసింది నాకు. వెర్లిన్‌కి అది మింగుడు పడదు. "మహారాణిగారి దర్బారు అయిందా? ఇవాళ కూడా చల్లటి పాలూ కార్న్‌ఫ్లేక్సేనా?" అంటాడు నవ్వుతూ. నేనూ నవ్వుతాను, జోకే కదా అని. మా అత్తగారు పెళ్లయిన వారంలోనే చెప్పింది, "మా వాడికి పొద్దున్నే వేడివేడిగా ఏదో ఒకటి పడాలమ్మాయ్, లేకపోతే రోజంతా చిరాకు పడతాడు" అని. నా పొద్దు ఎలా గడవాలో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఆవిడకీ అనిపించి ఉండదు.

అసలు ఈ ప్రయాణమే నాకు తేడాగా ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో వెర్లిన్ నన్ను ఊరికే ఎక్కడికీ తీసుకెళ్లలేదు. పెళ్లికో, చావుకో, మనవడి హాకీ మ్యాచికో వెళ్లాం. అలాంటి మనిషి హఠాత్తుగా, "హాల్వర్స్ ల్యాండింగ్ ఊరికి వెళ్దాం, పాత ఇళ్లు చూసొద్దాం, ఆకులు రంగు మారే రోజులు కదా" అన్నాడు. ఆగస్టు నుంచీ శనివారం శనివారం చేపలు పట్టడానికని వెళ్తున్నాడు. వచ్చినప్పుడు చేపల వాసన రాదు, కొత్త ఆఫ్టర్‌షేవ్ వాసన వస్తుంది. సెప్టెంబరులో ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే వెనకనుంచి వచ్చి, "నీ గౌను సైజెంత ఆర్డీ?" అనడిగాడు. "ఎందుకు?" అంటే "ఊరికే" అన్నాడు. పుట్టినరోజుకేమోనని లోలోపల సంబరపడ్డాను. పుట్టినరోజు వచ్చింది. ఓవెన్ గ్లవ్స్ కొనిచ్చాడు. మరి నా సైజు గౌను ఎవరొంటి మీదకి వెళ్లింది? నా సైజు ఆడది ఇంకెవరుంది ఈ చుట్టుపక్కల? రోల్స్ మీద క్యారమెల్ పోస్తూ అదే ఆలోచించాను. నాకు తెలిసినవాళ్లందరినీ మనసులో నిలబెట్టి నడుములు కొలిచాను.

కారులో వెర్లిన్ ఈల వేస్తూనే ఉన్నాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఈ మనిషికి ఇస్త్రీ పెట్టె ఎక్కడుంటుందో తెలుసని నాకిప్పుడే తెలిసింది. "ఓ రోల్ ఇవ్వనా?" అన్నాను కావాలనే. "ఇప్పుడొద్దు, తర్వాత," అన్నాడు. దారిలో తినొచ్చన్న మనిషి దారంతా ఒక్కటి ముట్టలేదు. ట్రే వెనక సీట్లో వెచ్చగా, ఎవరినో చూడబోతున్న పిల్లలా ముస్తాబై కూర్చుంది.

ఊళ్లో దిగగానే కాఫీ కొట్టుకి తీసుకెళ్లాడు. నేను ఆ ఊరు రావడం చిన్నప్పుడు ఒకసారి, మళ్లీ ఇప్పుడే. వెర్లిన్ అయితే తలుపు దగ్గర మెట్టు ఎత్తు చూసుకోకుండానే ఎక్కాడు. బల్ల దగ్గర కూర్చున్నామో లేదో, కొట్టావిడ వచ్చి అడక్కుండానే అతని కప్పులో కాఫీ పోసి, క్రీము కూడా సరిగ్గా అతను తాగేంత పోసింది. నా వైపు తిరిగి, "ఈవిడేనా?" అంది.

"ఈవిడే," అన్నాడు వెర్లిన్, గొంతు సవరించుకుంటూ.

"అబ్బ, ఎంత విన్నామమ్మా నీ గురించి!"

ఏం విన్నారు? ఎవరు చెప్పారు? చేపలేమైనా చెప్పాయా? నేను వెర్లిన్ మొహంలోకి చూశాను. అతను కిటికీలోంచి ఎదుటి మేడ మీది చెక్క నగిషీని చూస్తున్నాడు, జన్మలో మొదటిసారి చూస్తున్నట్టు.

"ఆపిల్ పైలో ఓ ముక్క కోసి పెట్టనా?" అంది కొట్టావిడ.

"వద్దండీ, థాంక్స్."

"పొద్దున్నే చేసింది, ఇంకా వేడిగా ఉంది."

"అబ్బే, ఇప్పుడే తిన్నాం."

"కాస్త రుచి చూడు, చిన్న ముక్కే."

"సరే, మీరంతగా అంటుంటే," అన్నాను. షుగర్ ఉండి కూడా అన్నాను.

మా వైపు పద్ధతి అది. ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. వెంటనే చెయ్యి చాపితే ఆశపోతులమని అర్థం. రెండోసారి, మీకెందుకు శ్రమ అనాలి. మూడోసారి అడిగితే మొహమాటంగా ఒప్పుకోవాలి. మూడుసార్లూ అడగనివాళ్లు మర్యాద తెలియనివాళ్లు. ఇక మూడోసారి కూడా వద్దనేవాళ్లని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కాబట్టి మొదటి రెండు వద్దులనీ మా దగ్గర ఎవరూ చెవిన పెట్టరు. అవి లోపలికి వచ్చేముందు చెప్పులు దులుపుకున్నట్టు, అంతే.

వెర్లిన్ నన్ను పెళ్లాడమని అడిగినప్పుడు కూడా మొదటిసారి వద్దన్నాను. అది మర్యాదకన్న వద్దు కాదు. నాకు నర్సింగ్ చదవాలనుండేది, మిన్నియాపొలిస్‌లో సీటు కూడా వచ్చింది. రెండోసారి అడిగితే ఆ సంగతి చెప్పి మరీ వద్దన్నాను. మూడోసారి మా ఇంట్లోనే, ఆదివారం భోజనాల దగ్గర, మా అమ్మానాన్నల ముందు అడిగాడు. నా చేతిలో బంగాళదుంపల గిన్నె ఉంది. అందరూ నవ్వుమొహాలతో నా వంకే చూస్తున్నారు. మూడోసారి వద్దనాలంటే ఆ మాట గొంతులోంచి ఎలా వస్తుందో నాకెవరూ నేర్పలేదు. సరే అన్నాను. మా నాన్న లేచి వెర్లిన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది.

కొట్టావిడ పెట్టిన పై అయిపోగానే వెర్లిన్ రెండు చేతులతో మోకాళ్ల మీద చరుచుకుని, "సరే మరి," అన్నాడు. మా వైపు లేవడానికి అదే గంట. ఎవరింటికెళ్లినా, చర్చి కింది హాల్లో విందుకెళ్లినా, మా ఇద్దరి తరఫునా ఆ గంట కొట్టేది ఎప్పుడూ అతనే. నా కప్పులో ఇంకా సగం కాఫీ ఉంది. లేచాను.

బయటికి రాగానే ఎదురుగా ఒకావిడ చెయ్యి ఊపుతూ వచ్చింది. పొడుగ్గా ఉంది, వెండి జుట్టు కురచగా కత్తిరించుకుంది, మెడకి ఎర్రటి స్కార్ఫు. "వెర్లిన్!" అంటూ వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. వెర్లిన్ మొహం వెలిగిపోయింది. ఈవిడే అన్నమాట. పేరు డోరీన్. ఊళ్లో పాత ఇళ్లన్నీ కాపాడే సొసైటీకి అధ్యక్షురాలట. నేను మొదట చూసింది ఆవిడ నడుమే. నా గౌను ఆవిడకి రెండు చుట్లు వస్తుంది. ఆ లెక్క తప్పడంతో నాకు ఇంకా అయోమయమైంది. ఆవిడ కూడా నన్ను పైనుంచి కిందదాకా చూసింది. మొగుణ్ని ఎగరేసుకుపోయే ఆడది ఇంకోదాన్ని చూసే చూపు కాదది. జిల్లా సంతలో ఆవుని చూసే చూపు.

"ట్రే తెచ్చారా?" అంది వెర్లిన్‌తో.

తెచ్చావా అని నన్ను అడగలేదు. తెచ్చారా అని అతన్ని అడిగింది. ఎవరు చేసుకొచ్చారో తెలిసే అడిగింది.

వెర్లిన్ కారులోంచి ట్రే తీసుకున్నాక ముగ్గురం ఇటుకల వీధిలో నడిచాం. ఊరు అందంగా లేదని నేననను. రెండు పక్కలా ఎర్రటి ఇటుక మేడలు, ఇనప అల్లిక పనితో బాల్కనీలు, నదివైపు చూసే పొడవాటి కిటికీలు. ఒక్క గోడ మీద పెచ్చు ఊడలేదు. ఒక్క ఇంటి ముందు తడి బట్టలు ఆరేసి లేవు. అంత శుభ్రం ఎవరో ఒకరి నడుము విరగకుండా రాదని నాకు తెలుసు. ఆ మనిషి ఎక్కడా కనపడకపోవడమే నాకు అనుమానంగా ఉంది. "తలుపు రంగు మార్చాలన్నా మా కమిటీ ఒప్పుకోవాలి," అంది డోరీన్ గర్వంగా. "నూటయాభై ఏళ్ల కింద ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలి." ఆడవాళ్లు కూడానా అని అడగబోయి ఆగాను. కమిటీ మాట వింటే నాకెందుకో మా అత్తగారి వంటిల్లు గుర్తొచ్చింది. అక్కడ కూడా గరిటె తగిలించే మేకు మార్చడానికి లేదు.

వీధి చివర, నదికి ఎదురుగా, తెల్లటి స్తంభాల ఇల్లు. స్టీమరు నడిపిన కెప్టెన్ ఒకడు కట్టించాడట. ఇప్పుడది గెస్ట్ హౌస్. నడిపే ఆవిడ ఐలీన్, ఎనభై ఉంటాయి, భర్త పోయి రెండేళ్లయింది. గుమ్మంలో నిలబడి, పలకరించేముందే నా చేతుల వైపు చూసింది. వేళ్ల మీద కాలిన పాత మచ్చలు, కణుపుల దగ్గర వాపు. నేను చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాను.

వెర్లిన్ మమ్మల్ని వదిలేసి హాల్లోకి దూసుకుపోయాడు. జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి, పాత కట్టడాలంటే ప్రాణం. "ఈ మెట్ల వంపు చూడు ఆర్డీ, ఈ చేపట్టు చూడు, ఒకే వాల్‌నట్ దుంగలోంచి తీసింది," అంటూ తడుముతున్నాడు. నా చెయ్యి ఎప్పుడైనా అంత మెల్లగా తడిమాడా అనిపించింది, అనిపించినందుకు నాకే సిగ్గేసింది. డోరీన్ అతని పక్కనే నిలబడి తలూపుతోంది. నేను మెట్ల వైపు అడుగు వేయబోతే ఐలీన్ నా మోచెయ్యి పట్టుకుని, "నువ్విటు రా అమ్మాయ్, వంటిల్లు చూద్దువుగాని," అంది.

పెద్ద వంటిల్లు. ఆరు మంటల పొయ్యి, నా నడుమెత్తు వచ్చే పిండి పీపా, మూలన మరో మెట్ల వరస. హాల్లో మెట్ల మీద ఇద్దరు పక్కపక్కన నడవచ్చు. ఇవి నిటారుగా, ఇరుకుగా, చీకటిగా ఉన్నాయి. ఒక్కో మెట్టూ మధ్యలో గిన్నెలా అరిగిపోయింది. హాల్లో మెట్లు అరగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"పైన ఏముంది?" అన్నాను.

"పనిపిల్ల గది. కెప్టెన్ కాలంలో పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు అందులోనే పడుకుంటాను. మంచి గదులన్నీ అతిథులకివ్వాలి కదా." ఐలీన్ కుర్చీలో కూర్చుని పాదం రుద్దుకుంది. "మోకాళ్లెలా ఉన్నాయి నీకు?"

ఇదేం ప్రశ్న? పరిచయమై పది నిమిషాలు కాలేదు. "బాగానే ఉన్నాయండీ," అన్నాను. బాగాలేవు.

"ఈ మెట్లు మోకాళ్లని తినేస్తాయి. పొద్దున అయిదింటికి దిగితే పదింటిదాకా ఎక్కేదీ దిగేదీ నేనే. మా ఆయన ఆర్విల్ ముందు గదిలో కూర్చుని కెప్టెన్ కథలు చెప్పేవాడు, బాగా చెప్పేవాడులే. అతిథులంతా అతన్ని కెప్టెన్ అనే పిలిచేవాళ్లు. నన్ను మాత్రం, 'ఇంకాస్త కాఫీ' అని పిలిచేవాళ్లు." నవ్వింది. నవ్వు సగంలో ఆపి నా మొహం చూసింది. "నీకు ఇష్టమయ్యే వస్తున్నావు కదా?"

"ఎక్కడికి?"

ఐలీన్ హాలు తలుపు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "అయ్యో దేవుడా. నీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

"ఆర్డిస్! ఒక్కసారి ఇలా రావాలి!" హాల్లోంచి డోరీన్ పిలిచింది, పండగ గొంతుతో.

వెళ్లేసరికి వెర్లిన్ కెప్టెన్ అయి కూర్చున్నాడు. నీలం కోటు, ఇత్తడి బొత్తాలు, జేబులో గొలుసు గడియారం. కోటు అతనికి అతికినట్టు సరిపోయింది. ఎన్ని శనివారాలు ఎవరితో కొలతలు తీయించుకున్నాడో! పక్కన బో టై కట్టుకున్న ముసలాయన ఒకడున్నాడు, సొసైటీ మెంబరట. బల్ల మీద నా ట్రే. ముసలాయన కళ్లు మూసుకుని నా రోల్ నములుతున్నాడు. డోరీన్ కొరికిన ముక్కని నాలుక మీద అటూ ఇటూ తిప్పుతోంది. వెర్లిన్ వాళ్ల నోళ్ల వంకే చూస్తున్నాడు, పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లాడిలా.

అప్పుడర్థమైంది. ఇవి పెళ్లిచూపులు. చీకటితో లేచి, నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఫలహారం నేనే చేసుకుని, గంటన్నర ప్రయాణం చేసి మరీ వాళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను.

"అద్భుతం," అన్నాడు ముసలాయన కళ్లు తెరిచి.

"చెప్పానా లేదా?" అన్నాడు వెర్లిన్. "ఎంతమందికైనా చేయడం తనకో లెక్కే కాదు. ఊళ్లో పిల్లలందరికీ వండిన చెయ్యది."

ఆ తర్వాత నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ముగ్గురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పారు. ఐలీన్ కూతురి దగ్గరికి డులూత్ వెళ్లిపోతుంది. ఈ ఇంటిని గెస్ట్ హౌస్‌గానే నడుపుతూ, ఇందులోనే కాపురం ఉండేవాళ్లకే సొసైటీ అమ్మనిస్తుంది. మొగుడూ పెళ్లామూ అయితే మరీ మంచిది. వెర్లిన్ ఎన్నో వారాలుగా వచ్చి మాట్లాడుతున్నాడు. మా ఇల్లు అమ్మేస్తే దీనికి సరిపోతుంది. "ఇంటి మీద నీ పేరు కూడా ఉంది కదా, నువ్వో సంతకం పెడితే అయిపోతుంది," అన్నాడు వెర్లిన్. "ఇన్నాళ్లూ దాచి ఉంచాను, నిన్ను ఆశ్చర్యపరుద్దామని. ఖాళీగా కూర్చుని కూర్చుని నీకూ ఏం తోచడం లేదు కదా ఆర్డీ. పొద్దున్నే కాస్త టిఫిన్, అంతే. మిగతాదంతా నేను చూసుకుంటాను."

మిగతాదంటే కథలు చెప్పడం. పొద్దున్నే కాస్త టిఫినట! బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, అంటే పడక, టిఫిను, ఆ రెండు మాటలేగా వాకిట బోర్డు మీద రాసి ఉన్నవి. పడకలెవరు వేస్తారు, టిఫినెవరు చేస్తారు? నా పెరటి మెట్లు గుర్తొచ్చాయి, వాటితో పాటే పిచ్చుకలు. నాకు మిగిలిన ఒకే ఒక్క ఆస్తిని, సరిగ్గా దాన్నే ఏరి మరీ నా మొగుడు బేరం పెట్టేశాడు.

డోరీన్ అట్టపెట్టె మూత తీసింది. "మేం కూడా నీకో కానుక సిద్ధం చేశాం. అతిథులకి అన్నీ పాత కాలంలా ఉంటేనే నచ్చుతుంది కదా." లోపల గౌను. గోధుమరంగు నూలు గౌను, మెడదాకా బొత్తాలు, మీద తెల్లటి ఏప్రన్, చెవులు మూసేసే తెల్లటి కుచ్చుల టోపీ. నా సైజే. చూడగానే తెలిసింది.

"ఇది కెప్టెన్ భార్య కట్టుకునేదా?" అన్నాను.

"అబ్బే, కెప్టెన్ భార్య వంటింట్లోకి ఎందుకొస్తుంది? పట్టు కట్టుకుని ముందు గదిలోనే ఉండేది. ఇది పనిపిల్ల గౌను. అన్నీ పాత ఫొటోలు చూసి కుట్టించాం. ఒక్క కుట్టు తేడా లేదు."

ఆ టోపీ చేతిలోకి తీసుకుని చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు నెలలుగా నేను అనుమానపడ్డ ఆడది దొరికింది. నా నడుమే, నా చేతులే, నా కాలిన వేళ్లే. దీనికన్నా నిజంగానే ఇంకొకత్తె ఉన్నా బాగుండేది. వారంలో సగం రోజులైనా వండి పెట్టేది.

"మరేమంటావు ఆర్డిస్?" అంది డోరీన్. "మాతో కలుస్తావు కదా?"

"వద్దండీ," అన్నాను.

డోరీన్ తృప్తిగా తలూపింది. పద్ధతి తెలిసిన మనిషే అనుకుని ఉంటుంది. ముసలాయన ఇంకో రోల్ అందుకున్నాడు. "అలా అంటే ఎలాగమ్మా? ఇలాంటి చెయ్యి ఈ నది పొడుగునా లేదు. ఊరు ఊరంతా నీ కోసం చూస్తోంది."

"లేదండీ. నాకు నిజంగా వద్దు."

ఈసారి ఇద్దరూ ఇంకా ఆనందంగా నవ్వారు. రెండో వద్దు కూడా అయిపోయింది మరి, పని దాదాపు పూర్తయినట్టే. వెర్లిన్ వాళ్ల వైపు చూసి కన్ను గీటాడు. "మా ఆర్డీ అంతే. పెళ్లికి కూడా మూడుసార్లు అడిగించుకుంది."

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఐలీన్ నవ్వలేదు.

వెర్లిన్ ముందుకు వంగాడు. ఇత్తడి బొత్తాలు బల్లకి తగిలి టక్కుమన్నాయి. అదే మొహం, మా అమ్మ బల్ల దగ్గర, బంగాళదుంపల గిన్నెకి అవతల నేను చూసిన మొహం. సమాధానం ముందే జేబులో వేసుకున్న మనిషి మొహం. "ఇక బెట్టు చాల్లే ఆర్డీ," అన్నాడు ముద్దుగా. "చేస్తావు కదా?"

అందరూ నా వంక చూస్తున్నారు, అప్పటిలాగే నవ్వుమొహాలతో. ఆ నవ్వుల బరువు ఎంతో నాకు తెలుసు, అప్పటినుంచీ మోస్తున్నాను కదా. భయమేసింది. నిజం చెబుతున్నాను, అరవై రెండేళ్ల దాన్ని, ముగ్గురు మనుషులకీ ఒక ట్రే రోల్స్‌కీ భయపడ్డాను.

"వద్దు," అన్నాను.

ముసలాయన నమలడం ఆపేశాడు. డోరీన్ నోరు కాస్త తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మా వాళ్లలో నాలుగోసారి అడిగే మాట లేదు, ఎవరికీ ఎప్పుడూ దాని అవసరం పడలేదు.

"పొద్దున్నే లేచింది, ఒంట్లో బాగున్నట్టు లేదు," అన్నాడు వెర్లిన్ వాళ్లతో. మొహం చెవులదాకా ఎర్రబడింది.

"నా ఒంటికేం, బాగానే ఉంది."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం ఆర్డీ."

"ఇంటి దగ్గర నువ్వు నన్ను అడగలేదు వెర్లిన్. అక్కడ అడిగుంటే అక్కడే చెప్పేదాన్ని. రెండు నెలల నుంచీ ఈ ఊళ్లో కాఫీ పోసే ఆవిడతో సహా అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను సంతకం పెట్టను. ఇల్లు అమ్మను. నా పొద్దులు ఎవరికీ ఇవ్వను."

"పొద్దులేంటి?" అన్నాడు. నిజంగానే అర్థం కాలేదతనికి. అది చూస్తే కోపం కన్నా జాలేసింది, అతని మీద కొంచెం, నా మీద ఎక్కువ.

రెండు చేతులూ ఎత్తి నా మోకాళ్ల మీద చరుచుకున్నాను. "సరే మరి."

గదిలో అందరూ వెర్లిన్ వైపు చూశారు, అలవాటుకొద్దీ. అతను లేవలేదు. నేను లేచాను. టోపీని మడిచి అతని ముందు బల్ల మీద పెట్టాను. "నీకు మనసైతే నువ్వు చెయ్యి. పిండి ఎలా కలపాలో నేర్పిస్తాను. తల సైజు ఇద్దరిదీ ఒకటే. కారు తాళాలివ్వు."

ఇచ్చాడు. ఇత్తడి బొత్తాల కోటు జేబులో వెతికి, లోపల చొక్కా జేబులో వెతికి, ఇచ్చాడు. వస్తాడో ఉంటాడో అడగలేదు. కారు దగ్గర అతను బొత్తాలు విప్పుకుని వచ్చేదాకా ఆగుతాను, అంతకన్నా ఆగను అనుకున్నాను. రేపు ఆదివారం. పొద్దున ఎవరు ఏం తిన్నా సరే, నేను పిచ్చుకలకి గింజలు వేస్తాను.

గుమ్మం దగ్గర ఐలీన్ నిలబడి ఉంది. నా ఒక్క మాటతో ఆవిడ డులూత్ ప్రయాణం వెనక్కి పోయిందని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఏమంటుందోనని తలెత్తలేకపోయాను. ఇంకొన్నాళ్లు ఈ చీకటి మెట్లు ఆవిడే ఎక్కాలి.

"ఓ కప్పు కాఫీ తాగి వెళ్లు అమ్మాయ్," అంది.

"వద్దండీ."

ఐలీన్ నా మొహంలోకి చూసింది. రెండోసారి అడగలేదు. తలుపు తీసి పట్టుకుంది.